మావుళ్ళమ్మ చేతి అచ్చు

సలోమి అంతవరకూ లేసు సూది పట్టుకుని ఎరగదు. ఆ ఉదయం పాత రైసుమిల్లు గోదాములో కుర్చీలో కూర్చుని, రెండు చేతులకీ భుజాల దాకా తీగలు కుట్టిన గుడ్డ తొడుగులు వేయించుకుంటూ, వేళ్ళు ఎవరికీ కనపడకుండా ముడుచుకుంది. రొయ్యల షెడ్డులో ఐసుముక్కల మధ్య రొయ్యలు ఒలిచి ఒలిచి ఆ వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయాయి. గోళ్ళ పక్కన చర్మం చిట్లి ఉంది.

"దాచుకోకే పిల్లా. లేసుకి చెయ్యి అందంగా ఉండక్కర్లేదు," అంది ఎదురు కుర్చీలో కూర్చున్న మావుళ్ళమ్మ. ఆమె చేతులకీ అలాంటి తొడుగులే ఉన్నాయి. రెండు కుర్చీలకీ మధ్య బల్లమీద టీవీ పెట్టెంత యంత్రం సన్నగా గురగురలాడుతోంది.

ఆ యంత్రం మావుళ్ళమ్మ చెల్లెలు వీరవేణిది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి పరిశోధనశాలలో పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం తయారుచేసింది. మనిషి ఒక పనిని ఏళ్ళ తరబడి చేస్తే ఆ పని మెదడు వెనకభాగంలో ఒక లయలా నిలబడిపోతుంది. ఆ లయని ఒకరి నుంచి ఇంకొకరికి పారించవచ్చని వీరవేణి కనిపెట్టింది. దాన్ని దాచిపెట్టుకోవడం యంత్రానికి చేతకాదు. బతికున్న చేతి నుంచి బతికున్న చేతికి అప్పటికప్పుడు అందించగలదు, లేదా చేతిలో ఉన్నదాన్ని కాసేపు నిద్రపుచ్చగలదు.

"ఇంక మొదలుపెట్టక్కా," అంది వీరవేణి, ఇద్దరి తలలకీ పట్టీలు బిగించి.

మావుళ్ళమ్మ సూది అందుకుంది. ఎడమచేతి చిటికెనవేలికి దారం చుట్టి, గొలుసుకుట్టు వేసి, దాన్ని గుండ్రంగా తిప్పి, పువ్వు ఎత్తుకుంది. సలోమి కళ్ళు మూసుకుంది. మోచేతుల్లోంచి చీమలు పాకినట్టుంది. మావుళ్ళమ్మ ఒక పువ్వు పూర్తి చేసి రెండోది సగంలో ఉండగా వీరవేణి ఆ సూదీ దారం తీసుకెళ్ళి సలోమి చేతిలో పెట్టింది.

సలోమి వేళ్ళు దారాన్ని చిటికెనవేలికి చుట్టుకున్నాయి. సూది మొన ఉచ్చులోకి దూరింది. మావుళ్ళమ్మ ఆపిన చోటునుంచి రేకు వెనక రేకు పెరగసాగింది. సలోమి కళ్ళు విప్పి చూసుకుని ఏడుపు మొహం పెట్టింది.

"ఇది నా చెయ్యి కాదండి వేణిగారూ."

"నీదే. నీకు రాని పని దానికొచ్చు, అంతే. భయపడకు."

"మరి రేపు షెడ్డుకెళ్ళక్కర్లేదాండి?"

ఆ మాటకి మావుళ్ళమ్మ నవ్వింది. "రేపటినుంచి నా పక్కన కూకుందువుగాని."

నరసాపురం అవతల కాలవగట్టున ఉన్న కొత్తగరువులో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లినవాళ్ళే. మిషను లేసు వచ్చాక చేతిలేసు అడిగేవాళ్ళు తగ్గారు. నాసిరకం అల్లిక ఎవరికీ అక్కర్లేదు, మావుళ్ళమ్మ అల్లినంత సన్నని పని ఇంకెవరికీ రాదు. అది రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంతకాలం కూర్చునే ఓపిక లేక పడుచువాళ్ళంతా రొయ్యల షెడ్డుల దారి పట్టారు. వీరవేణి సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ చిట్లిన చేతులు చూసేది. తన యంత్రం ఇక్కడ పనికొస్తుందని ఆమెకి తోచింది. ఉద్యోగం మానేసి వచ్చింది. పక్షవాతం రోగుల్లో ఎవరికీ ఏ చెడూ జరగలేదు గనక ఆమెకి అనుమానం రాలేదు.

ఊళ్ళోవాళ్ళు దానికి అచ్చు అని పేరు పెట్టారు. "అచ్చేయించుకున్నావా?" అని బిందెలతో ఎదురుపడ్డ ఆడవాళ్ళు పలకరించుకునేవారు. వేసవి వచ్చేసరికి ఊళ్ళో ప్రతి వీధిలోనూ మావుళ్ళమ్మ చేతులు ఉన్నాయి. లేసు సొసైటీ కార్యదర్శి కొండలరావు పరదేశపు పెళ్ళికూతుళ్ళ మేలిముసుగుల ఆర్డర్లు తెచ్చాడు. సొసైటీ మేడమీద పెద్ద హాలు కట్టించాడు. షెడ్డు వ్యాను ఆడకూలీల కోసం వచ్చి ఖాళీగా తిరిగివెళ్ళేది. కెమెరాలు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, చిన్న ఊళ్ళలో కళ ఎలా బతకాలో కొత్తగరువుని చూసి నేర్చుకోవాలని చెప్పి వెళ్ళేవారు.

మావుళ్ళమ్మ హాల్లో వరసల మధ్య తిరుగుతూ సంబరపడేది. సంబరం వెనకే ఏదో బెరుకుగా ఉండేది. ఒకసారి బల్లమీద పరిచిన ముసుగుల్లో తనది ఏదో వెతికింది. దొరకలేదు.

"అన్నీ నావే, ఏదీ నాది కాదే," అంది చెల్లెలితో.

"అదేగా మనం కోరుకున్నది."

"అదేలే."

కొండలరావు ఒకసారి తీగలూ ఆకులూ ఉన్న కొత్త నమూనా పట్టుకొచ్చాడు. ఆడవాళ్ళు ప్రయత్నించారు. చేతులు మొరాయించాయి. ఆకు ఎత్తుకుంటే తిరిగి తిరిగి మావుళ్ళమ్మ పువ్వే అయ్యేది. ఆ పువ్వుకే గిరాకీ ఉన్నప్పుడు ఆకు ఎందుకని అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

వానలు మొదలైన కొత్తల్లో సలోమి ఒక ఉదయం కూతురికి నీళ్ళుపోసి కాటుక పెడుతోంది. పిల్ల పేరు జెమీమా, ఇంకా మాటలు రాలేదు. కాటుక అద్దిన వేలు కంటి దగ్గరికి వెళ్ళేసరికి ఉన్నట్టుండి అదిరింది. గోరు నల్లగుడ్డుకి గీరుకుంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. సలోమి భర్త ఏసుపాదం ఆటో తీసి ఇద్దర్నీ నరసాపురం తీసుకెళ్ళాడు. చూపు పోలేదు గాని మచ్చ ఉండిపోతుందనీ, ఆ కన్ను మసకగానే చూస్తుందనీ కంటిడాక్టరు చెప్పాడు.

ఆసుపత్రినుంచి సలోమి ఇంటికి వెళ్ళలేదు. కంటికి కట్టు కట్టిన పిల్లని భుజాన వేసుకుని గోదాముకి వచ్చింది. వీరవేణి ముందు కుడిచెయ్యి చాపి నిలబడింది. అరచెయ్యి గాలికి ఆకు కదిలినట్టు కదులుతోంది.

"ఎప్పట్నించి?" అని అడిగింది వీరవేణి.

"మొదట్లో అప్పుడప్పుడండి. టీ గళాసు పళ్ళెంలో మోగేది. జాకెట్టు హుక్సు పడేవి కాదు. అలుపనుకున్నాను. ఇప్పుడు సూది పట్టుకున్నా ఆగట్లేదు." ఆమె పిల్లని ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. "నా పిల్ల కన్ను నేనే పొడిచేశానండి. ఏసుపాదం ఏమీ అనలేదు. పిల్లని నా చేతికి మాత్రం ఇవ్వట్లేదు. ఆసుపత్రిలో బతిమాలి తీసుకున్నాను."

వీరవేణి ఆ మధ్యాహ్నమే హాలుకి వెళ్ళి అందర్నీ చేతులు చాపమంది. కొందరివి నిలకడగా ఉన్నాయి. కొందరివి కొద్దిగా అదురుతున్నాయి. ఎవరు అందరికన్నా ఎక్కువ అల్లారో వాళ్ళవి అన్నిటికన్నా ఎక్కువ వణుకుతున్నాయి. వాళ్ళలో ప్రతి ఒక్కరూ అది తన ఒక్కదానికే వచ్చిన జబ్బనుకుని ఇన్నాళ్ళూ కొంగుచాటున దాచుకున్నవాళ్ళే. ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

వీరవేణి సలోమి చేతి నరాల కొలతలు తీసింది. వణుకులో ఒక తూగు ఉంది, గడియారంలా. అదే తూగు ఇంకెక్కడైనా ఉందా అని పాత కొలతలన్నీ తిరగేసింది. చివరికి అక్క కొలతల్లో కనిపించింది. మావుళ్ళమ్మ మెదడులో అదే తూగు పచ్చిగా కొట్టుకుంటోంది. కాని ఆమె చెయ్యి రాయిలా నిలకడగా ఉంటుంది.

"ఒక్క క్షణం నీ చేతిలోని పనిని నిద్రపుచ్చి చూస్తానక్కా," అంది. తొడుగు వేసి యంత్రాన్ని తిప్పింది.

మావుళ్ళమ్మ కుడిచెయ్యి ఒక్కసారిగా ఎగిరింది. బల్లమీది గ్లాసుకి తగిలి అది కింద పడి పగిలింది. చెయ్యి మోచేతి దాకా కొట్టుకుంటోంది, ఒడ్డున పడ్డ చేపలా. వీరవేణి గబగబా యంత్రం ఆపింది. చెయ్యి మెల్లగా నెమ్మదించింది.

మావుళ్ళమ్మ ఆ చెయ్యిని చాలాసేపు చూసుకుంది. "ఇది నా చిన్నప్పటి వణుకే. నువ్వప్పటికి పుట్టలేదు. మెదడు జ్వరం వచ్చి తగ్గాక చెయ్యి ఆగేది కాదు, అన్నం కూడా అమ్మే పెట్టేది. తర్వాత లేసు నేర్చుకున్నాను. అల్లగా అల్లగా ఎప్పుడో పోయింది. పోయిందనే అనుకున్నానే."

పోలేదు. వణుకు ఎటు లాగితే దానికి ఎదురు లాగడం ఆమె చెయ్యి నేర్చుకుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ ఎదురులాగుడు ఆమె పనితనంలో భాగమైపోయింది. ఆ పనితనమే ఊరందరికీ అచ్చుపడింది. ఆ చేతుల్లో ఎదిరించాల్సిన వణుకు లేదు. ఎదురులాగుడు మాత్రం ఉంది. లేనిదాన్ని లాగుతూ లాగుతూ అవి వణుకుతున్నాయి. అల్లినకొద్దీ ఆ లాగుడు బలపడుతోంది.

వీరవేణి హాల్లో ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పింది. తనే కారణమని కూడా చెప్పింది. ఆడవాళ్ళు ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

"తీసెయ్యలేవా తల్లీ?" అని అడిగింది గంగాభవాని, అందరిలోకీ పెద్దామె.

"తుడిచెయ్యగలను. కాని దాంతోపాటు చెయ్యి నేర్చుకున్నవన్నీ పోతాయి పిన్నీ. ముద్ద కలుపుకోవడం, జడ వేసుకోవడం, అన్నీ. మళ్ళీ మొదట్నించి నేర్చుకోవాలి."

"నేర్చుకుంటాలే," అంది గంగాభవాని.

మర్నాడు ఆమెకి తుడిచేసింది. వణుకు పోయింది. తొడుగులు విప్పాక ఆమె చేతులు రెండూ ఒళ్ళో తడిగుడ్డల్లా పడి ఉన్నాయి. ముక్కు దురద పెడితే ఎలా గోక్కోవాలో తెలియక కొడుకు వైపు చూసింది. ఇంకెవరూ తుడిపించుకుంటామని ముందుకు రాలేదు.

దారి చూపించింది మావుళ్ళమ్మే. వంటింట్లో చెల్లెలి పక్కన పీట వాల్చుకుని కూర్చుంది.

"వాళ్ళ చేతుల్లో లాగుడుంది, వణుకు లేదు. అంతేగా? ఆ వణుకు కూడా నా దగ్గర్నించి ఇచ్చెయ్యి. నాలాగే రెండూ సరిపోతాయి."

వీరవేణి ఆ మాట తనకీ ముందే తోచిందని ఒప్పుకోలేదు. "జబ్బు లేనివాళ్ళకి జబ్బు అంటిస్తామా అక్కా? అది జన్మంతా ఉంటుంది. లేసు మానేస్తే ఎదురులాగే పట్టు సడలిపోతుంది, వణుకు పైకొచ్చేస్తుంది. రోజూ అల్లుతూనే ఉండాలి."

"నేను సూది పక్కన పడేసి ఒక్కరోజున్నానా? నాకు లేసంటే ప్రాణం అనుకున్నాను. ఎందుకుండలేకపోయానో ఇప్పుడు తెలుస్తోంది." ఆమె పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "ఆ సలోమి పిల్లని ఎత్తుకోడం మానేసిందే."

"నీ వణుకు తీసి వాళ్ళకివ్వాలంటే నీ పట్టుని నిద్రపుచ్చాలి. ఒక్కొక్కరికీ ఒక్కోసారి. మళ్ళీ మళ్ళీ చేస్తే అది లేవకపోవచ్చు."

"లేవకపోతే నా ఒక్కదానికే కదా."

"నాకు నువ్వొక్కదానివే."

మావుళ్ళమ్మ లేచి పొయ్యి మీది అన్నం వార్చింది. వీరవేణి మరుసటి వారమంతా ఇంకో దారి కోసం వెతికింది, నిద్ర లేకుండా. దొరకలేదు. ఈలోగా మేడమీది హాల్లో అల్లే ఇంకో అమ్మాయి ఇంట్లో కాలే కూరగిన్నె వొంపుకుని కాళ్ళు కాల్చుకుంది. ఆ అమ్మాయి తల్లి గోదాము వాకిట్లో వచ్చి కూర్చుంది. కూర్చుంది, అంతే. సాయంత్రానికి ఇంకొందరు ఆమె పక్కన చేరారు.

మొదట సలోమికే చేశారు. మావుళ్ళమ్మ చెయ్యి కొట్టుకుంటుంటే ఏసుపాదం వచ్చి దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎదురు కుర్చీలో సలోమి చెయ్యి ముందు ఇంకా గట్టిగా అదిరింది, తర్వాత తగ్గింది, తర్వాత ఆగింది. ఆమె నీళ్ళగ్లాసు ఎత్తి పట్టుకుంది. నీరు కదలలేదు. ఏసుపాదం బయటికి వెళ్ళి జెమీమాని తెచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టాడు.

మావుళ్ళమ్మ పట్టు ఆ పూటే తిరిగి వచ్చింది. రెండో మనిషికి చేశాక మర్నాటికి వచ్చింది. తర్వాత్తర్వాత ఇంకా ఆలస్యమైంది. వచ్చినా మునుపటి బలం లేదు. పళ్ళెంలో అన్నం చిందడం మొదలైంది. సలోమి అది చూసింది.

"ఇప్పుడా వణుకు నాలోనూ ఉంది కదండి. మిగతావాళ్ళకి నా దగ్గర్నించి తియ్యండి. పెద్దమ్మగారిని వదిలెయ్యండి," అంది వీరవేణితో.

వీరవేణి ఆశగా అక్క వైపు చూసింది.

"నీకు చంటిపిల్లుంది. లెగు, ఆ కుర్చీలోంచి లెగు," అంది మావుళ్ళమ్మ.

"అది కాదు పెద్దమ్మగారూ, చెరిసగం పంచుకుందాం."

"పంచుకోడానికిది పనసపండా? లెగమన్నానా."

ఇంకా సగంమంది మిగిలి ఉండగానే ఒక రోజు పట్టు తిరిగి రాలేదు. వీరవేణి నాలుగు రోజులు ఆగింది. మావుళ్ళమ్మ చేతులు ఒళ్ళో కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇంక చాలనీ, ఎవరు అడిగినా చెయ్యననీ చెప్పి వీరవేణి యంత్రానికి గుడ్డ కప్పింది.

మావుళ్ళమ్మ తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇంక నిద్రపుచ్చడానికేముందే నా దగ్గర? వణుకొక్కటే ఉంది. కావలసినంత ఉంది. ఇప్పుడే సులువు కదా, తియ్యి."

వీరవేణి తీసింది. చివరి మనిషి దాకా తీసింది. ఒక్కొక్కరి చేతులూ ఆగుతుంటే ఆమె ఎవరి మొహమూ చూడలేదు.

అందరిదీ అయ్యాక సలోమిని ఇచ్చే కుర్చీలో, అక్కని పుచ్చుకునే కుర్చీలో కూర్చోబెట్టింది. అక్క పట్టుని అక్కకే తిరిగి ఇవ్వాలని ఆమె ఆలోచన. సలోమి ఓపిగ్గా పువ్వు మీద పువ్వు అల్లింది. మావుళ్ళమ్మలో ఏదీ నిలబడలేదు. అన్నిసార్లు నిద్రపుచ్చిన ఆ చోటు ఇక ఏ అచ్చునీ పట్టుకోవడం లేదు. వీరవేణి మళ్ళీ చేసింది. కొలతలు మార్చి మళ్ళీ చేసింది. సలోమి వేళ్ళు నొప్పిపుట్టి ఎర్రబడ్డాయి.

"ఆ పిల్లని ఇంటికి పంపించు వేణీ," అంది మావుళ్ళమ్మ.

వీరవేణి బల్లమీద తల పెట్టుకుంది. అక్క ఆమె వీపు నిమరాలని చూసింది. చెయ్యి వీపు మీద దబదబా తగిలింది.

ఆ వారంలోనే వీరవేణి తొడుగుల తీగలన్నీ కత్తిరించేసింది. విశాఖపట్నం తిరిగి వెళ్ళలేదు. ఉదయం పూట గంగాభవాని ఇంటికి వెళ్ళి గ్లాసు ఎలా పట్టుకోవాలో, చెంబు ఎలా వంచాలో నేర్పుతుంది. గంగాభవాని ఒక్కోరోజు నేర్చుకుంటుంది, ఒక్కోరోజు గోడవైపు తిరిగి పడుకుంటుంది. తర్వాత వీరవేణి ఇంటికొచ్చి అక్కకి నీళ్ళుపోసి చీర కడుతుంది.

శీతాకాలానికి ఆర్డర్లు ఆగిపోయాయి. కొత్తగరువు లేసులో ఏదో జబ్బుందన్న పుకారు ఒకటి. మావుళ్ళమ్మ పువ్వుని చూసి అచ్చంగా అలాంటిదే మిషను మీద తీసి ఎవరో బజారులో పెట్టారన్నది రెండోది. కొండలరావు హాలుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను కొనలేనమ్మా. కొన్నది గోదాములో పడి ఉంది. కొన్నాళ్ళు ఆపండి."

"ఆపితే చేతులు నిలబడవు కదండి," అంది సలోమి.

అతనికి ఆ సంగతి తెలుసు. తల దించుకుని మెట్లు దిగిపోయాడు.

వాళ్ళు ఆపలేదు. కొత్త దారం కొనే దారి లేక, అల్లినదాన్నే విప్పి ఉండచుట్టి మళ్ళీ అల్లడం మొదలుపెట్టారు. కొందరు రొయ్యల షెడ్డుకి తిరిగి పోతూ వ్యానులో దారి పొడుగునా అల్లుతున్నారు. మిగతావాళ్ళు పొద్దున్నే హాలుకొచ్చి కూర్చుంటున్నారు. ఒకే దారం విప్పీ అల్లీ, విప్పీ అల్లీ చేతుల చెమటకి బూడిదరంగుకి తిరిగింది.

మధ్యాహ్నం పూట మావుళ్ళమ్మని కూడా హాలుకి తీసుకొస్తారు. ఎవరో ఒకరు ఆమెకి అన్నం తినిపిస్తారు. వాళ్ళు ముద్ద చేసే తీరు, వేళ్ళ కొసలతో మెతుకులు దగ్గరికి నెట్టే తీరు అంతా ఆమెదే. మొదటిసారి ఆ ముద్ద నోట్లో పడ్డప్పుడు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒక రోజు సలోమి వంతు వచ్చింది. తినిపించి, చెయ్యి కడుక్కుని వచ్చి, పొద్దుట అల్లిన పువ్వుని కొసనుంచి లాగింది. అది సర్రున విడిపోయింది. దారం మళ్ళీ చిటికెనవేలికి చుట్టుకుంది.

"ఎన్నిసార్లే అదే పువ్వు? ఈసారి ఆకు వెయ్యకూడదా?" అంది మావుళ్ళమ్మ.

"చెయ్యి ఒప్పుకోదండి. మీకు తెలుసుగా."

"దాన్ని అడక్కుండా వెయ్యి. అమ్మేది కాదుగా, చెడితే ఏం?"

సలోమి సూదిని పువ్వు దారినుంచి పక్కకి తిప్పింది. అంతలోనే వేళ్ళు అదిరాయి. ఉచ్చు జారింది. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ వేసింది. చెయ్యి పువ్వు వైపుకి లాగుతోంది, ఆమె ఆకు వైపుకి లాగుతోంది. దారం రెండుసార్లు తెగింది, ముడివేసుకుంది. పక్కనున్నవాళ్ళు తమ పని చేస్తూనే ఆమె వైపు చూస్తున్నారు. నుదుటి చెమట ముక్కుమీదికి జారింది గాని తుడుచుకోలేదు. సాయంత్రం వ్యాను హారను వినిపించేవేళకి ఆమె చేతిలో బొటనవేలంత ముక్క మిగిలింది. వంకరగా, ఒక పక్క వదులుగా, ఒక పక్క బిర్రుగా ఉంది. ఆకు అని చెబితే గాని తెలియదు.

"చెడిపోయిందండి," అంది సలోమి.

"ఇటియ్యి."

మావుళ్ళమ్మ చేతిలో అది నిలబడలేదు. సలోమి ఆ ముక్కని ఆమె చెంపకి ఆనించి పట్టుకుంది. మావుళ్ళమ్మ కళ్ళు మూసుకుని దాని ముడులూ, జారిన ఉచ్చులూ చెంపతోనే తడుముకుంది.

"ఇది నేను అల్లింది కాదే," అంది. "దీన్ని విప్పకు."